శనివారం సాయంత్రం నుంచి వెనక్కి లెక్క

(గ్రంథాలయ నెలవారీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పోయిన నెల సభ అయ్యాక మెట్ల దగ్గర నలుగురైదుగురు నన్ను ఆపారు. "పారిస్ సంగతి అందరూ చెబుతారు, మీరు తిరిగొచ్చిన ఆ ఫ్రాన్స్ పల్లెటూళ్ళ సంగతి చెప్పండి, మేమూ వెళ్ళాలనుకుంటున్నాం" అన్నారు. నేను రైల్వేలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. టైంటేబుల్ చేతికిస్తే గంటసేపు కూర్చుని చదువుతాను. అందుకని ఏ ఊరు ఎంత అందంగా ఉంటుందో చెప్పడం కంటే, ఎక్కడ రైలు దిగాలి, ఎక్కడ కారెక్కాలి, అది ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నదే ఈ రోజు ఎక్కువగా చెబుతాను. మా మొదటి ప్రయాణం దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే.

2019 జూన్‌లో నలుగురం వెళ్ళాం. నేను, మా ఆవిడ, మా బావమరిది, మా అత్తగారు. అత్తగారికి అప్పటికి డెబ్బై ఆరేళ్ళు. నైరుతి ఫ్రాన్స్‌లో ఒక పల్లెలో వారం రోజులకు ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఒక చిన్న పట్టణంలో రైలు దిగి, స్టేషన్ ఎదురుగా ఉన్న ఆఫీసులో కారు తీసుకోవాలి. కాగితంలో శనివారం మధ్యాహ్నం మూడు గంటలు అని స్పష్టంగా ఉంది. మేం రెండూ నలభైకే దిగాం. పెట్టెలు లాక్కుంటూ రోడ్డు దాటి వెళ్తే షట్టర్ వేసి ఉంది. తలుపు మీద చిన్న కాగితం: శనివారం ఎనిమిది నుంచి పన్నెండు. ఆదివారం సెలవు. సోమవారం ఎనిమిదికి.

ఆ కంపెనీ పేరూ ఆ ఊరి పేరూ ఇక్కడ అనవసరం. బుకింగ్ మధ్యవర్తి సైట్‌లో చేశాం. ఆ సైట్ మూడు గంటలని రాసింది, ఆఫీసు వేళలతో దానికి పని లేదు. నేనూ వాళ్ళ వేళలు విడిగా చూసుకోలేదు. మండుటెండ. అత్తగారిని ఒక అరుగు మీద కూర్చోబెట్టి గంటసేపు ట్యాక్సీ కోసం తిరిగాం. చివరికి దొరికిన ట్యాక్సీలో నలభై కిలోమీటర్లు వెళ్ళి ఇల్లు చేరేసరికి ఆరయింది. దారిలో ఏమీ కొనలేదు. మరుసటి రోజు ఆదివారం, చుట్టుపక్కల కొట్లు తెరవరు. ఇంటావిడ మా ముఖాలు చూసి లోపలికెళ్ళి సగం రొట్టె, ఆరు గుడ్లు, పెరట్లో కోసిన ఆకుకూర తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, మాకు ఫ్రెంచ్ రాదు. మా అత్తగారు ఆమె రెండు చేతులూ పట్టుకుని తెలుగులోనే మాట్లాడారు.

సోమవారం మళ్ళీ ట్యాక్సీలో వెళ్ళి కారు తెచ్చుకున్నాను. ఏడు రోజుల్లో రెండు రోజులు అలా పోయాయి. ఆ రెండు రోజులూ అత్తగారు మాత్రం పెరట్లో అక్రోట్ చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అక్రోట్ చెట్టును ఆవిడ చూడటం అదే మొదటిసారి. పచ్చికాయ ఒకటి గిల్లి వాసన చూసి, వేళ్ళకు నల్లటి మరక అంటుకుంటే వారం రోజులు అందరికీ చూపించారు.

ఇంటికొచ్చాక కాగితం ముందు పెట్టుకుని ఆలోచించాను. ప్రయాణం లెక్క మనం హైదరాబాద్‌లో విమానం ఎక్కే క్షణం నుంచి ముందుకు వేస్తాం. ఇలాంటి యాత్రకు వెనక నుంచి రావాలి. అక్కడి పల్లెల్లో అద్దె ఇళ్ళను 'జీత్' అంటారు. జూలై, ఆగస్టుల్లో చాలామంది శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. సాయంత్రం నాలుగు తర్వాత తాళాలిస్తారు, వెళ్ళే రోజు ఉదయం పదికల్లా ఖాళీ చేయాలి. అంటే శనివారం సాయంత్రం ఐదింటికి ఆ ఇంటి ముందు, కారులో, రెండు రోజులకు సరిపడా సరుకులతో దిగాలి. ఈ ఒక్కటీ మేకు కొట్టినట్టు పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోండి.

అసలు రైలూ కారూ రెండూ ఎందుకు అంటారేమో. ఫ్రాన్స్‌లో పెద్ద లైన్లు చాలావరకు పారిస్ నుంచి బండి చక్రం ఆకుల్లా బయలుదేరతాయి. 1981లో పారిస్–లియోన్ మధ్య మొదలైన టీజీవీ రైళ్ళు ఇప్పుడు గంటకు 320 కిలోమీటర్ల దాకా వెళ్తాయి. 2017లో కొత్త లైను తెరిచాక పారిస్ నుంచి బొర్దోకు రెండు గంటల పైన కొద్ది నిమిషాలే. అంత దూరం కారు నడపడం శక్తి వృథా, టోల్ ఖర్చు వేరే. కానీ రైలు దిగాక పల్లెకు వెళ్ళడానికి బస్సు ఉంటుందనుకుంటే పొరపాటు. చాలాచోట్ల ఉండేవి బడిపిల్లల కోసం నడిపే బస్సులు. అవి ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, సెలవుల్లో అవీ ఉండవు. అందుకని దూరానికి రైలు, పల్లెకు కారు. పారిస్‌లో మాత్రం కారు ముట్టుకోవద్దు.

పారిస్‌లో స్టేషన్లు చాలా ఉన్నాయి. మనకు సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ ఉన్నట్టే అనుకోండి, కాకపోతే ఒక్కో స్టేషన్ ఒక్కో దిక్కుకు. లియోన్, మార్సెయ్, అవిన్యోన్ వైపు గార్ ద లియోన్ నుంచి. బొర్దో, పడమటి తీరం మోంపర్నాస్ నుంచి. స్ట్రాస్‌బూర్, ఆల్సాస్ వైపు గార్ ద లెస్త్ నుంచి. లిమోజ్, బ్రీవ్ వైపు ఆస్టర్‌లిట్జ్ నుంచి. షార్ల్ ద గోల్ విమానాశ్రయం రెండో టెర్మినల్ కిందనే టీజీవీ స్టేషన్ ఉంది, కొన్ని రైళ్ళు అక్కడి నుంచే నేరుగా దక్షిణానికి పోతాయి. అయినా రాత్రంతా విమానంలో వచ్చినవాళ్ళు అదే రోజు రైలెక్కి, దిగీదిగగానే కారెక్కి, అలవాటు లేని వైపు నడపడం మంచిది కాదు. ఈ విషయంలో నా మాట కాస్త గట్టిగానే వినండి. నిద్రమత్తు మన రోడ్డు మీదే ప్రాణం తీస్తుంది. పారిస్‌లో రెండు రాత్రులు పడుకుని కదలండి.

టికెట్లు సాధారణంగా మూడు నాలుగు నెలల ముందు వదులుతారు. టీజీవీ టికెట్ ధర విమానం టికెట్‌లా రోజురోజుకూ పెరుగుతుంది. టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్ళకు ఆ టెన్షన్ లేదు, చాలావరకు ధర ఒకటే. టీజీవీలో ఒక్కొక్కరికి రెండు పెట్టెలు, ఒక చేతిసంచి, వాటి మీద పేరు రాసి ఉండాలి. పెట్టె ఎత్తి పెట్టే పోర్టరు దొరకడు. ప్లాట్‌ఫాం నంబరు బోర్డు మీద సుమారు ఇరవై నిమిషాల ముందు వస్తుంది. తలుపులు రెండు నిమిషాల ముందే మూసేస్తారు. కదిలే బండిని పరిగెత్తి అందుకోవడం మనకు అలవాటు, అక్కడ ఆ వీలే లేదు.

ఇక ఏ ప్రాంతం? ఒక్కటే ఎంచుకోండి. వారంలో మూడు ప్రాంతాలు చుట్టేద్దామనుకుంటే రోడ్డే చూస్తారు. ఆల్సాస్ అయితే కోల్మార్ దాకా రైలు, ద్రాక్షతోటల ఊళ్ళు పక్కపక్కనే ఉంటాయి, కారు అవసరం కాస్త తక్కువ. ప్రోవాన్స్‌కు అవిన్యోన్. అక్కడొక సంగతి గుర్తుంచుకోండి: అవిన్యోన్ టీజీవీ స్టేషన్ ఊరి బయట ఉంది, ఊళ్ళోది వేరే స్టేషన్, రెంటి మధ్యా ఐదు నిమిషాల చిన్న రైలుంది. కారు ఏ స్టేషన్లో బుక్ చేశారో చూసుకోకపోతే తిప్పలే. మిగతావి మీరే చదువుకోండి. నేను చూసినది, మనసారా చెప్పగలిగినది దొర్దోన్ నది లోయ. అదే చెబుతాను.

ఆ లోయకు నడిబొడ్డు సార్లా అనే ఊరు. వెళ్ళడానికి రెండు దారులు. మోంపర్నాస్ నుంచి టీజీవీలో రెండు గంటల్లో బొర్దో చేరి, అక్కడ కారు తీసుకుని రెండున్నర గంటలు నడపడం ఒకటి. ఆస్టర్‌లిట్జ్ నుంచి మామూలు రైల్లో నాలుగున్నర, ఐదు గంటలు కూర్చుని బ్రీవ్‌లో దిగి, అక్కడి నుంచి యాభై కిలోమీటర్లు నడపడం రెండోది. కాగితం మీద మొదటిదే బాగున్నట్టు కనిపిస్తుంది. నేను రెండోదే ఎంచుకుంటాను. బొర్దో మహానగరం. ట్రాములు, రింగ్ రోడ్డు, ఎటు చూసినా వాహనాలు, అందులో మీరు మొదటిసారి కుడివైపు నడుపుతున్నారు. బ్రీవ్ చిన్న పట్టణం, పది నిమిషాల్లో ఊరు దాటేస్తారు. పైగా దారిలో లిమోజ్ స్టేషన్ వస్తుంది. 1929లో తెరిచిన ఆ స్టేషన్‌ను పట్టాల పక్కన కాకుండా పట్టాల మీదే కట్టారు. గుమ్మటం, పెద్ద గడియార స్తంభం. బండి దాని కింద ఆగుతుంది. రైల్వేవాణ్ణి కాబట్టి నాకది గుడిలా అనిపించింది.

2023లో రెండోసారి వెళ్ళినప్పుడు ఏం చేశామో చెబుతాను. శుక్రవారం మధ్యాహ్నం పారిస్‌లో ఎక్కాం, సాయంత్రానికి బ్రీవ్. స్టేషన్ దగ్గర్లోనే గది తీసుకుని పడుకున్నాం. శనివారం ఉదయం తొమ్మిదికి కారు ఆఫీసు ముందున్నాం. వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కున్నాం, బుకింగ్‌లో మా రైలు నంబరు కూడా రాయించాం. పదికల్లా కారు చేతికొచ్చింది. బ్రీవ్‌లో శనివారం సంత. కూరగాయలు, రొట్టె, పళ్ళు, పాలు అక్కడే కొన్నాం. మధ్యాహ్నం కొలోంజ్ లా రూజ్ వెళ్ళాం, ఇరవై కిలోమీటర్లే. ఊరంతా ఎర్ర ఇసుకరాతితో కట్టారు, గోడలు, బురుజులు, చర్చి అన్నీ ఒకే ఎరుపు. 'ఫ్రాన్స్‌లోకెల్లా అందమైన పల్లెలు' అనే సంఘం 1982లో పుట్టింది ఆ ఊరి మేయర్ చొరవతోనే. ఐదున్నరకు ఇల్లు చేరాం. ఒక్క రాత్రి హోటల్ ఖర్చు ఎక్కువైంది, అంతే.

కారు దగ్గర నాలుగు మాటలు. మన లైసెన్సుతో పాటు ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ తీసుకెళ్ళండి, అది ఏడాది చెల్లుతుంది. నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, అందులో డిపాజిట్ కింద పెద్ద మొత్తం ఆపి ఉంచుతారు. కార్డు విదేశాల్లో పనిచేసేలా ముందే బ్యాంకులో చెప్పుకోండి. గేర్లు లేని కారు కావాలంటే నెలల ముందు అడగాలి, ఎక్కువగా ఇచ్చేవి గేర్ల కార్లే. గేర్ కుడిచేత్తో వేయాలి. బయలుదేరే ముందు కారు చుట్టూ తిరిగి ప్రతి గీతా ఫోన్‌లో వీడియో తీసుకోండి.

నడిపేటప్పుడు భయపడాల్సింది రద్దీ రోడ్డు కాదు, ఖాళీ రోడ్డు. ముందు బండి ఉంటే దాని వెనక పోతాం. పెట్రోలు బంకులోంచి బయటికొచ్చినప్పుడు, పొద్దున్నే ఇంటి గేటు దాటినప్పుడు, ఎదురుగా ఎవరూ లేనప్పుడు చెయ్యి దానంతటదే ఎడమవైపు తిప్పేస్తుంది. మా బావమరిది అలా ఒకసారి తిప్పాడు, ట్రాక్టరు ఎదురొచ్చింది. దేవుడి దయ, ఇద్దరూ నెమ్మదిగానే ఉన్నారు. ఆ రోజు నుంచి కారు కదిలే ప్రతిసారీ మా ఆవిడ పక్క సీట్లోంచి "కుడి" అని గట్టిగా అనేది, అతను "కుడి" అని తిరిగి చెప్పేవాడు. మా గార్డు, డ్రైవరు సిగ్నల్ మార్చుకున్నట్టే. వారమంతా అది మానలేదు.

రెండోది, 'కుడివైపు వాడికి ముందు దారి' అనే నియమం. ఊళ్ళో గుర్తేమీ లేని కూడలిలో, ఎంత చిన్న సందులోంచైనా సరే, కుడినుంచి వచ్చే బండికి మీరు ఆగాలి. రోడ్డు మీద పసుపుపచ్చ వజ్రం బోర్డు కనిపిస్తే ఆ రోడ్డు మీద ముందు దారి మీది. రౌండ్ అబౌట్‌లో మాత్రం లోపల తిరుగుతున్నవాళ్ళదే హక్కు, అంటే ఎడమనుంచి వచ్చేవాళ్ళకు ఆగాలి. ఎటు వెళ్ళాలో తెలియకపోతే ఇంకో చుట్టు తిరగండి, ఎవరూ ఏమీ అనరు. ఎర్ర అంచుతో ఊరి పేరు బోర్డు కనిపిస్తే అక్కడి నుంచి వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు, వేరే అంకె ఉంటే తప్ప. అదే పేరు మీద అడ్డగీత ఉంటే ఊరు అయిపోయినట్టు. బయట రోడ్ల మీద 2018 నుంచి 80 చేశారు, కొన్ని జిల్లాలు మళ్ళీ 90కి మార్చుకున్నాయి, కాబట్టి బోర్డు చూడండి. మోటారు మార్గం మీద 130, వానపడితే 110. పెట్రోలు బంకులో గుండ్రటి గుర్తు పెట్రోలుకు, చదరపు గుర్తు డీజిలుకు. కారు మూత లోపల ఏ గుర్తుందో చూసి పోయించుకోండి.

జూలై చివరి, ఆగస్టు మొదటి శనివారాల్లో సగం దేశం సెలవుకు వెళ్తుంటే మిగతా సగం తిరిగొస్తుంటుంది. ఏ రోజు రోడ్లు ఎంత నిండుతాయో ప్రభుత్వమే ముందుగా రంగులతో చెబుతుంది. ఆ సేవ పేరు బిజోన్ ఫ్యూతే, 1976 నుంచి ఉంది. ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు. నలుపు అని ఉన్న రోజు కారు తీయకండి. నన్నడిగితే జూన్ కానీ సెప్టెంబరు కానీ పెట్టుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక గానీ సూర్యుడు దిగడు. ఇళ్ళవాళ్ళు కూడా ఆ నెలల్లో శనివారమే రావాలని పట్టుబట్టరు.

మన హైదరాబాద్ మూసారాంబాగ్ పేరులో ఉన్న మూసా రామ్ ఎవరో చాలామందికి తెలుసు కదా. నిజాం అలీఖాన్ కొలువులో సైన్యాధికారి రేమండ్. ఆయన పుట్టింది ఈ నైరుతి ఫ్రాన్స్‌లోనే, గాస్కనీలో, 1755లో. 1798లో మన ఊళ్ళోనే పోయాడు, సమాధి ఇక్కడే ఉంది. దొర్దోన్ లోయకు దక్షిణంగా ఆ నేల మీదుగా కారులో పోతున్నప్పుడు ఈ మాట అత్తగారికి చెప్పాను. "ఇంత చల్లటి ఊరు వదిలి అంత దూరం ఎందుకొచ్చాడయ్యా" అన్నారు.

దొర్దోన్ లోయలో చూడాల్సింది గుహలు. 1940 సెప్టెంబరు 12న నలుగురు కుర్రాళ్ళు మోంతిన్యాక్ దగ్గర అడవిలో ఒక కన్నంలోంచి దిగి లాస్కో గుహ బొమ్మలు చూశారు. ఎద్దులు, గుర్రాలు, జింకలు, సుమారు పదిహేడు వేల ఏళ్ళ నాటివి. 1948లో జనానికి తెరిచారు. రోజుకు వెయ్యిమందికి పైగా వచ్చేవారు. వాళ్ళ ఊపిరి తేమకు గోడల మీద పాకుడు పట్టడం మొదలైంది, 1963లో మూసేశారు. ఇప్పుడు మనం చూసేది 2016 చివర్లో తెరిచిన పూర్తి నకలు. నకలే కదా అని తీసిపారేయకండి. చీకట్లో తలెత్తి ఆ ఎద్దును చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. అసలు బొమ్మలే కావాలంటే లే జెజీ దగ్గర ఫోన్ ద గోమ్ ఉంది, రోజుకు కొద్దిమందినే పంపుతారు, ముందే రాయించుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రుఫిన్యాక్ గుహకు వెళ్ళండి. లోపల చిన్న కరెంటు రైలు ఉంది. పట్టాల మీద కూర్చోబెట్టి చాలా లోతుకు తీసుకెళ్తుంది. ఒకచోట ఆపి దీపం గోడ మీద వేస్తే గీతల్లో ఏనుగులాంటి మామత్ కనిపిస్తుంది. వెంట్రుకలు కూడా గీశాడు, ఆ గీసినవాడు. అత్తగారు రైల్లోంచే చెయ్యెత్తి దండం పెట్టారు.

(సభలో ఒకరు: శాకాహారుల సంగతేంటండీ?)

మంచి ప్రశ్న అమ్మా. అది బాతు మాంసం సీమ. సార్లా పేరుతో ఉండే బంగాళాదుంప వేపుడు కూడా బాతు కొవ్వులోనో పెద్దబాతు (గూస్) కొవ్వులోనో చేస్తారు, దుంపలే కదా అని తినేయకండి, అడగండి. హోటళ్ళలో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకానే భోజనం, రెండున్నరకు వెళ్తే వంటిల్లు కడిగేసి ఉంటుంది. అందుకే వంటగది ఉన్న ఇల్లు తీసుకోమంటున్నాను. సార్లాలో బుధవారం, శనివారం సంత. వంకాయలు, టమాటాలు, చిక్కుళ్ళు, స్ట్రాబెర్రీలు, రొకమదూర్ మేకపాల చీజ్ చిన్న బిళ్ళలు, అక్రోట్ నూనె. ఆ నూనెతో వంకాయ వేయించకండి, చేదెక్కుతుంది. ఆకుకూర మీద చల్లుకోండి. కొట్లోకి అడుగుపెట్టగానే ముందు "బోంజూర్" అనండి, తర్వాత ఏదైనా అడగండి. ఆ పలకరింపు లేకుండా ధర అడిగితే వాళ్ళు నొచ్చుకుంటారు.

ఇక్కడి నుంచి ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి గట్టిగా మూతపెట్టి లగేజీలో వేసుకోవచ్చు. నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయిలు, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసం, పాల సరుకులు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేకూడదన్నది వాళ్ళ నియమం. మా ఆవిడ అక్కడి వెన్న కొని మొదటి రోజే నెయ్యి కాచింది. ఇల్లంతా ఆ వాసన వస్తే ఇంటావిడ గిన్నెలోకి తొంగిచూసి వేలితో రుచి చూసింది. రెండోసారీ అదే ఇంటికి వెళ్ళామని చెప్పలేదు కదా. అదే ఇల్లు, అదే చెట్టు.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకవు, ఆలస్యం చేయకండి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా, ఉండే ఇంటి కాగితం కావాలి. వీసా రాకముందు కొనే రైలు టికెట్లు మార్చుకునే వీలున్నవే కొనండి.

చివరగా తిరుగు శనివారం. పదికి ఇల్లు ఖాళీ చేయాలి, కారు ఆఫీసు పన్నెండుకు మూస్తారు. మధ్యలో ఉన్నది రెండే గంటలు. అందుకని శుక్రవారం రాత్రే పెట్టెలు సర్దుకోండి, పెట్రోలు కూడా శుక్రవారమే నింపుకోండి. మేం తొమ్మిదికి బయలుదేరాం. పదీ పదికి బ్రీవ్ చేరి, ఊరి అంచున మళ్ళీ కాస్త పెట్రోలు పోయించి, రసీదు పట్టుకుని, పదకొండు కాకముందే తాళాలిచ్చేశాం. కారు చుట్టూ తిరిగి చూసిన మనిషితో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాం. ఆ కాగితం నెలరోజులు దాచండి. రైలు ఒంటిగంట తర్వాత. స్టేషన్‌లో బల్ల మీద రొట్టె, పచ్చడి విప్పుకుని తిన్నాం.

దొర్దోన్ లోయ మ్యాప్ ఒకటి తెచ్చాను. అక్కడ టీ ఇచ్చే బల్ల మీద పరుస్తాను. మేం తిరిగిన రోడ్లు ఎర్ర పెన్నుతో గీసి ఉన్నాయి, ట్రాక్టరు ఎదురొచ్చిన చోటు కూడా. రండి, చూద్దురుగాని.